కరెంటు పోయిన చోటికి వెళ్లే ఇంజను

అందరికీ నమస్కారం. ఇక్కడికొచ్చిన వాళ్లలో చాలామంది పొద్దున్నే న్యూయార్క్‌లోని జమైకా స్టేషన్లో రైలు మారి మన్‌హాటన్ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లే. నేనూ ఇరవై ఏళ్లుగా అదే లాంగ్ ఐలాండ్ రైల్‌రోడ్ ఎక్కుతున్నాను. మనం ఎప్పుడూ ఎక్కని ఇంజను ఒకటి ఆ రైల్వేలో ఉంది. పాడైన పెట్టెల్ని షాపుకి లాక్కెళ్లేది, రాత్రిళ్లు కంకర బళ్లు మోసేది, యార్డులో ముందుకీ వెనక్కీ తిరుగుతూ బతుకంతా గడిపేది. అమెరికన్లు దాన్ని స్విచ్చర్ అంటారు. మనవైపు షంటింగ్ ఇంజను అంటాం. మా నాన్నగారు ఒక పెద్ద జంక్షన్లో పాయింట్స్‌మన్‌గా రిటైరయ్యారు కాబట్టి ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఆయన చేతిలో ఎరుపూ పచ్చా చూపించే దీపమే కళ్లముందు మెదులుతుంది.

అసలు డీజిల్ ఇంజను అమెరికా రైళ్లలోకి దొడ్డిదారినే, అంటే యార్డు గుండానే వచ్చింది. దానికి కారణం పొగ. 1902 జనవరి 8న మన్‌హాటన్‌లో పార్క్ అవెన్యూ కింద ఉన్న సొరంగంలో పొగ, ఆవిరి కమ్మి సిగ్నళ్లు సరిగా కనిపించక ఒక రైలు ఆగి ఉన్న మరో రైలును వెనకనుంచి గుద్దింది. పదిహేను మంది పోయారు. మరుసటి ఏడాదే మన్‌హాటన్‌లోకి ఆవిరి ఇంజన్లు రాకుండా చట్టం తెచ్చారు. 1923లో కాఫ్‌మన్ చట్టం వచ్చి ఆ నిషేధాన్ని నగరమంతటికీ చాచింది. ప్రయాణికుల లైన్లకు కరెంటు పెట్టొచ్చు, సరే. మరి పక్కదారులు, గోదాముల లైన్లు, నది ఒడ్డున పడవల మీంచి వ్యాగన్లు దిగే చిన్న చిన్న యార్డులు? రోజుకి నాలుగు వ్యాగన్లు కదిలే చోట కరెంటు లైను వేస్తే ఏ రైల్వేకీ గిట్టదు.

ఆ ఇరకాటంలోంచే కొత్త ఇంజను పుట్టింది. ఆల్కో అనే ఇంజన్ల కంపెనీ పెట్టె కట్టింది, జనరల్ ఎలక్ట్రిక్ మోటార్లిచ్చింది, ఇంగర్‌సోల్-రాండ్ ఆయిల్ ఇంజనిచ్చింది. అలా తయారైన 60 టన్నుల, 300 గుర్రాల (హార్స్‌పవర్) ఇంజను 1925లో సెంట్రల్ రైల్‌రోడ్ ఆఫ్ న్యూజెర్సీకి చేరింది. దాని నంబరు 1000. బ్రాంక్స్‌లో నీటి ఒడ్డున ఉన్న ఒక యార్డులో పనికి పెట్టారు. ఆ యార్డుకి రైలు మార్గమే లేదు, వ్యాగన్లు పడవల మీదే రావాలి. ఆ ఇంజను 1957 దాకా, ముప్పై ఏళ్లకు పైగా పనిచేసింది. మన లాంగ్ ఐలాండ్ కూడా అప్పుడే 100 టన్నుల తోబుట్టువు ఒకదాన్ని కొంది. నంబరు 401, అందులో 300 గుర్రాల ఇంజన్లు రెండు.

ఇక్కడ హెర్మన్ లెంప్ అనే ఇంజనీరును తలుచుకోకుండా ముందుకు వెళ్లలేను. డీజిల్ జనరేటర్ని తిప్పుతుంది, జనరేటర్ చక్రాల మోటార్లకు కరెంటిస్తుంది. ఈ రెంటినీ డ్రైవరే విడివిడిగా చూసుకోవాల్సొస్తే, భారం పెరిగినప్పుడల్లా ఇంజను ఆగిపోయేది. అవి వాటంతటవే సర్దుకునేలా, డ్రైవరు ఒక్క లివరు కదిపితే చాలేలా చేసినవాడు లెంప్. నిమిషానికోసారి ముందుకీ వెనక్కీ మారే షంటింగ్ పనికి ఆ ఒక్క లివరే ప్రాణం.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. లాంగ్ ఐలాండ్‌లో ఆవిరి బండ్లు 1955 అక్టోబరుతో ఆగిపోయాయి. 1977లో జనరల్ మోటార్స్ ఎలక్ట్రో-మోటివ్ డివిజన్ నుంచి రెండు రకాల ఇంజన్లు దిగాయి. వెయ్యి గుర్రాల ఎస్‌డబ్ల్యూ1001 ఎనిమిది. పదిహేను వందల గుర్రాల ఎంపీ15ఏసీ ఇరవై మూడు, నంబర్లు 150 నుంచి 172 వరకు. ఎంపీ అంటే మల్టీ పర్పస్, అన్ని పనులకీ అని. 'ఏసీ' చూసి చాలామంది పొరబడతారు. చక్రాల మోటార్లు డీసీవే, జనరేటరుగా ఏసీ కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు పెట్టారు గనుక ఆ పేరు. ఇంజను సిలిండరు ఒక్కోటి 645 ఘనపు అంగుళాలు, అంటే పది లీటర్ల పైమాట. ఒక్క సిలిండరే మనం నడిపే కారు ఇంజన్లు నాలుగైదింటి పెట్టు. అలాంటివి పన్నెండు.

పదిహేను వందల గుర్రాలతో అంత పెద్ద రైలు ఎలా కదులుతుందని మీరడగొచ్చు. నాకు చాలా ఇష్టమైన సంగతి ఇది. బండిని ఆగిన చోటునుంచి కదపడానికి కావలసింది ఇంజను శక్తి కంటే చక్రం మీది బరువు. ఇనుప చక్రం ఇనుప పట్టా మీద ఎంత బలంగా పట్టుకోగలదో అంతే లాగగలదు, ఆపైన జారిపోతుంది. పొడి పట్టా మీద ఆ పట్టు బరువులో పావు వంతు అనుకోండి. ఎంపీ15ఏసీ బరువు సుమారు 112 టన్నులు, కాబట్టి దాదాపు 28 టన్నుల లాగుడు. అదే కాలపు 3000 గుర్రాల మెయిన్‌లైన్ ఇంజను జీపీ40-2కి కూడా నాలుగు ఇరుసులే, బరువూ ఇంచుమించు అంతే. కదిపే దగ్గర రెండూ సమానమే! ఆ ఎక్కువ గుర్రాలన్నీ వేగం అందుకున్నాకే పనికొస్తాయి. యార్డులో వేగంతో పనేముంది? మన దేశంలో షంటింగ్‌కి గంటకు 15 కిలోమీటర్లు దాటకూడదన్నది నియమం. ఇక్కడి నియమం ఇంకా బాగుంటుంది. కనుచూపు ఎంత దూరం ఆనుతుందో అందులో సగం దూరంలోపే బండి ఆగగలగాలి. మంచు పడినా, మలుపు వచ్చినా, చూపు తగ్గితే వేగమూ తగ్గాలి.

ఈ ఇంజన్లు ఒకప్పుడు మనుషుల్నీ మోశాయి. అప్పటి పెట్టెల్లో దీపాలకు, ఎయిర్ కండిషనర్లకు కరెంటు ఇంజనునుంచే రావాలి, కానీ ఎంపీ15ఏసీకి ఆ ఏర్పాటు లేదు. అందుకని పాత ఆల్కో ఇంజన్ల చక్రాల మోటార్లు తీసేసి, లోపల పెట్టెలకు కరెంటిచ్చే జనరేటర్ సెట్లు బిగించి రైలుకి రెండో కొసన తగిలించారు. ఆ కొసనుంచీ రైలు నడపొచ్చు. ఒక కొసన లాగే యార్డు ఇంజను, ఇంకో కొసన లాగడం మానేసిన వృద్ధ ఇంజను, మధ్యలో ఆఫీసు నుంచి ఇళ్లకు చేరే జనం. 1990ల చివర కొత్త రెండంతస్తుల పెట్టెలు, కొత్త ఇంజన్లు వచ్చాక ఆ ఏర్పాటు పోయింది. సరుకు రవాణా కూడా 1997 మే నెలలో న్యూయార్క్ అండ్ అట్లాంటిక్ రైల్వేకి అప్పగించారు.

అప్పటినుంచి మిగిలింది సేవకపు పనే, కానీ అది తప్పించుకోలేనిది. మన రైళ్లు ఎక్కువగా పట్టా పక్కనుండే మూడో పట్టాలోని 750 వోల్టుల కరెంటుతో నడుస్తాయి. శనాదివారాల్లో పట్టాలు మార్చాలన్నా, కంకర పోయాలన్నా ముందు ఆ కరెంటు ఆపాలి, లేకపోతే పని చేసే మనిషి బతకడు. కరెంటు ఆపాక అక్కడికి ఎలక్ట్రిక్ బండి ఏదీ వెళ్లలేదు. పట్టాలు, కంకర, క్రేను, కూలీలు, అన్నిటినీ చేర్చేది డీజిలే. పట్టా పక్కన గడ్డకట్టిన మంచు పేరుకుని రైలు నిలిచిపోయినా, లెవెల్ క్రాసింగ్ దగ్గర మూడో పట్టా తెగిన ఖాళీలో బండి చిక్కుకున్నా దీన్నే పంపుతారు. ఎలక్ట్రిక్ పెట్టెల కప్లింగ్, అంటే ఒకదాన్నొకటి పట్టుకునే కొక్కెం, వేరు, దీని కప్లింగ్ వేరు. మధ్యలో ఒక అడాప్టరు బిగించి మెల్లగా ఈడ్చుకొస్తారు.

చలికాలంలో దీనికి ఒక బాధ ఉంది. ఇలాంటి ఇంజన్లలో కారులో పోసినట్టు గడ్డకట్టని ద్రవం పోయరు, తుప్పు పట్టకుండా మందు కలిపిన నీళ్లే. ఇంజను ఆపితే నీళ్లు గడ్డకట్టి లోపల పగులుతుంది. అందుకే రాత్రంతా పని లేకపోయినా గురగురలాడుతూనే ఉంచేవారు. యార్డు పక్కన ఇల్లున్నవాళ్ల నిద్ర, ఊపిరి దానికి మూల్యం. పొగ లేకుండా చేయడానికి పుట్టిన యంత్రం పొగ వల్లే మాట పడుతోంది. ఆ జనం కోపం న్యాయమైనదనే అంటాను. ఆపినా నీళ్లు వెచ్చగా ఉంచే హీటర్లు, అవసరం లేనప్పుడు ఇంజనును ఆపి మళ్లీ స్టార్ట్ చేసే పరికరాలు ఉన్నాయి. అవి ప్రతి ఇంజనుకీ ఉండాలి.

చివరగా మనుషుల సంగతి. షంటింగ్‌లో ప్రమాదమంతా రెండు పెట్టెల మధ్యనే. అమెరికాలో చాలా రైల్వేల్లో ఒక పద్ధతుంది. మనిషి పెట్టెల మధ్యకు వెళ్లేముందు రేడియోలో రక్షణ అడుగుతాడు. డ్రైవరు బ్రేకులు వేసి, ముందుకా వెనక్కా అని మార్చే రివర్సరును మధ్యలో పెట్టి, మోటార్లకు కరెంటు అందకుండా జనరేటరు ఫీల్డు స్విచ్చి ఆపి, అప్పుడు 'సరే' అంటాడు. ఆ మాట వినిపించేదాకా కాలు లోపల పెట్టకూడదు. 1893 చట్టంతో ఇక్కడ గుద్దుకుంటే తమంతట తాము పట్టుకునే కప్లింగులు తప్పనిసరయ్యాయి. విడదీయడానికి పక్కకు పొడుచుకొచ్చిన లివరు ఎత్తితే చాలు. మా నాన్నగారి కాలంలో మన పెట్టెలకు స్క్రూ కప్లింగ్. పెట్టెల కొసల్లో గుద్దు తట్టుకునే బఫర్ల మధ్య వంగి దూరి, బరువైన గొలుసు కొక్కేనికి ఎత్తి వేసి, మర తిప్పి బిగించాలి. ఆయన జతగాడు ఒకాయన అలాగే కుడిచేతి వేళ్లు మూడు పోగొట్టుకున్నాడు. మా ఇంటికొచ్చినప్పుడు ఎడమచేత్తో టీ గ్లాసు పట్టుకునేవాడు.

నాన్నగారు ఇక్కడికి వచ్చినప్పుడు బాల్టిమోర్‌లోని రైల్వే మ్యూజియానికి తీసుకెళ్లాను. ఇందాక చెప్పిన 1000 నంబరు ఇంజను అక్కడే ఉంది. నేను ఆయనకు ఇంజను చరిత్ర చెబుతున్నాను, ఆయన వినడం లేదు. నేరుగా దాని కొసకు నడిచి, కప్లింగు చూసి, పక్కనున్న లివరు ఎక్కడిదాకా వచ్చిందో కళ్లతో కొలిచారు. "అంటే మనిషి లోపలికి దూరక్కర్లేదన్నమాట" అన్నారు. చాలాసేపు అక్కడే నిలబడ్డారు.