వెక్కిరింతకు జవాబు ఇంట్లో తయారవ్వాలి

వేదిక మీది పెద్దలకు, హెడ్మాస్టరు గారికి, టీచర్లకు, పనులు మానుకుని వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం. పేరుపేరునా చెప్పడం మర్యాదే గానీ, నాకిచ్చింది పది నిమిషాలు. 1998 నుంచి ఏటా అక్టోబరు 22ను నత్తిపై అవగాహన దినంగా జరుపుతున్నారు. ఆ పేరుతో పిలిచారు కాబట్టి మిగతా రోజుల సంగతి మాట్లాడతాను.

ముందు నాలుగు ముక్కలు. నూటికి సుమారు ఐదుగురు పిల్లలకు నత్తి వస్తుంది, ఎక్కువగా రెండు నుంచి ఐదేళ్ళ మధ్య. చాలామందికి తగ్గిపోతుంది, పెద్దయ్యాక నూటికి ఒకరికి మిగులుతుంది. భయపడటం వల్లో, పెంపకం వల్లో వచ్చేది కాదు. మాటను నడిపే మెదడు పనిలో తేడా అది, కొంత వంశంలోనూ ఉంటుంది. వస అరగదీసి నాకిస్తే పోతుందని ఇప్పటికీ చెప్పేవాళ్ళున్నారు. నత్తికి అది మందు కాదు. పైగా వసలో ఉండే బీటా-అసరోన్ అనే రసాయనం ఒంటికి మంచిది కాదు. నాలుక కింద పొర కోయించినా నత్తి పోదు.

ఇక బడి. టీచర్లూ, కోపగించుకోవద్దు. నత్తి ఉన్న పిల్లాడికి పొద్దున్న మొదటి పరీక్ష హాజరు. వాడి వంతు ముప్ఫై రెండో నంబరు అనుకోండి. ముప్ఫై ఒక్కమంది పలికేదాకా గొంతు బిగబట్టి కూర్చుంటాడు. మామూలు మాటల్లో అయితే ఇబ్బంది పెట్టే పదం తప్పించి ఇంకోటి వాడతాడు. 'ప్రెజెంట్ సార్'కి బదులు పదం ఎక్కడిది? 'ప్ర...' దగ్గర పెదాలు బిగుసుకుంటాయి, వెనక బెంచీలో నవ్వు మొదలవుతుంది. చెయ్యెత్తినా హాజరేనని తరగతి మొత్తానికీ చెప్పండి, వాడొక్కడికే కాదు. ఖర్చు లేని పని.

ప్రతిజ్ఞ సంగతి చూడండి. పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు 1962లో తెలుగులో రాసింది, దేశమంతా చదువుతోంది. 'భారతదేశం నా మాతృభూమి' అని అందరితో కలిసి అంటున్నప్పుడు ఆ పిల్లాడికి దాదాపు తడబాటే ఉండదు. పక్కవాళ్ళ గొంతుతో కలిసినప్పుడు నత్తి తగ్గిపోవడం దాని లక్షణం. అదే పిల్లాణ్ణి ముందుకు పిలిచి ఒక్కడివే చెప్పు అంటే 'భా' దగ్గరే ఆగిపోతాడు. అది చూసి, 'నిన్న బాగానే చెప్పావుగా, ఇవాళ నాటకమా?' అంటారు. నాటకం కాదండీ! అలాగని అసెంబ్లీ నుంచి తప్పించేయకండి. తప్పిస్తే 'నీ వల్ల కాదు' అని చెప్పినట్టే. మొదటి వారం ఇద్దరి చేత కలిపి చెప్పించండి, ఆ తర్వాత మొదటి వాక్యం మాత్రం ఇద్దరు, మిగతాది వాడొక్కడు. ముందు రోజు పక్కకు పిలిచి, ఎలా చెప్తావని వాణ్ణే అడగండి. పాఠం చదివించేటప్పుడూ ఇంతే.

ఇంకోటి, కాగితంలో రాసుకోలేదు గానీ చెప్తాను. 'వెక్కిరిస్తే నీకూ నత్తి వస్తుంది' అని పెద్దవాళ్ళు బెదిరిస్తారు. మంచికే అంటారు. కానీ విన్న పిల్లలు నత్తిని శాపం అనుకుంటారు, పక్కన కూర్చోవడం మానేస్తారు. దయచేసి ఆ మాట మానండి.

తల్లిదండ్రులూ, బడిలో వెక్కిరించారని పిల్లాడు వచ్చి చెప్తే 'పట్టించుకోకు నాన్నా' అనకండి. పిల్లాడికి వినిపించేది 'నాతో చెప్పకు' అని. ఎవరు, ఎక్కడ, ఏ మాట అన్నారు అని అడగండి. బస్సులోనా, అన్నం దగ్గరా, ఆటల్లోనా? ఆ తర్వాత చిన్న జవాబు ఒకటి వాడి చేతే ఎంపిక చేయించండి: 'అవును, నాకు నత్తి. అయితే?' ఇంట్లో రోజూ ఐదు నిమిషాలు సాధన. మొదటి రెండు రోజులు వాడు వెక్కిరించాలి, మీరు జవాబు చెప్పాలి, తర్వాత మారండి. కళ్ళలోకి చూడటం కష్టమైతే కనుబొమల మధ్య చూడమనండి. గొంతు పెంచకుండా చెప్పి అక్కణ్ణుంచి కదలాలి. ఆ జవాబు నత్తితోనే చెప్పినా సరే, అలాగే సాధన చేయించండి. ఇక్కడే చాలామంది చెడగొడతారు: 'మెల్లగా, ఊపిరి తీసుకుని చెప్పు' అని మధ్యలో అడ్డుపడతారు. దాంతో అది ధైర్యం నేర్చుకోవడం పోయి, మాట దిద్దుకోవడం అవుతుంది.

వెక్కిరించే పిల్లలు గుంపుగా వస్తున్నా, రోజూ జరుగుతున్నా, చెయ్యి చేసుకున్నా ఈ జవాబు చాలదు. పెద్దవాళ్ళు కలగజేసుకోవాలి. అయితే తరగతి ముందు నిలబెట్టి క్షమాపణ చెప్పించకండి. కసి బస్సులో తీర్చుకుంటారు. వెక్కిరించినవాణ్ణి విడిగా పిలవండి, వారం తర్వాత మళ్ళీ కనుక్కోండి.

'శభాష్, ఇవాళ నత్తి రాలేదు!' అనే మెచ్చుకోలు కూడా వద్దు. రేపు వస్తే ఓడిపోయినట్టే కదా. చిన్నపిల్లలకు స్పీచ్ థెరపిస్టు, అంటే మాట ఇబ్బందులకు చికిత్స చేసేవారు, చెప్పిన పద్ధతి ప్రకారం చేయించే మెచ్చుకోలు వేరు, అది వాళ్ళు నేర్పాకే. బడికెళ్ళే పిల్లాణ్ణి చెప్పిన విషయానికి మెచ్చుకోండి: 'బావి లోతు ఎలా కొలిచారో భలే చెప్పావురా'. వాడు ముగించాక రెండు క్షణాలు ఆగి జవాబివ్వండి. మాట అందించకండి. చుట్టాలొస్తే పద్యం చెప్పమని నిలబెట్టకండి.

టైమయిందని అక్కడ సైగ చేస్తున్నారు. నత్తి మొదలై ఆరు నెలలు దాటినా, మాట కోసం కళ్ళు బిగించి మూస్తున్నా, బడికి వెళ్ళనంటున్నా ఆగకండి. స్పీచ్ థెరపిస్టు దగ్గరికి తీసుకెళ్ళండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మాట, వినికిడి ఇబ్బందులు చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. అంత దూరం వెళ్ళలేనివాళ్ళు మీ జిల్లా ప్రభుత్వాసుపత్రి ఈఎన్‌టీ విభాగంలో అడగండి. వెళ్ళేటప్పుడు పిల్లాడు ఇంట్లో మామూలుగా మాట్లాడుతుండగా తీసిన ఐదు నిమిషాల వీడియో ఫోన్లో పట్టుకెళ్ళండి. కొత్త మనిషి ముందు చాలామంది పిల్లలు నోరు విప్పరు.