బెంగళూరు గాలి, ఆటోక్లేవ్ ముల్లు, ఏడు సెకన్ల ఆక్సిజన్

విద్యార్థి: అక్కా, ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుని బయాలజీని పదో తరగతితోనే వదిలేసిన వాళ్లే ఈ ఎపిసోడ్ ఎక్కువగా వింటారు. కణాల్ని పెంచే ట్యాంకు, అదే ఫెర్మెంటర్, దాని ముందు నిలబడాలంటే వాళ్లకి ఎంత బయాలజీ కావాలి?

ఇంజనీర్: మొదటిరోజుకి రెండు అంకెలు చాలు. ఆ కణం ఎంతసేపటికి రెట్టింపవుతుంది, గంటకి ఎంత ఆక్సిజన్ తింటుంది. ఈ. కోలై బ్యాక్టీరియా మంచి మీడియాలో, అంటే పోషకాలు కలిపిన ద్రవంలో, 37 డిగ్రీల దగ్గర, 20 నిమిషాలకి రెట్టింపవుతుంది. బ్రెడ్డు ఈస్ట్‌కి గంటన్నర. యాంటీబాడీ మందులు తయారుచేసే, హ్యామ్‌స్టర్ నుంచి వచ్చిన సీహెచ్ఓ కణాలకి దాదాపు ఒక రోజు.

విద్యార్థి: ఆ తేడా మనకెందుకు?

ఇంజనీర్: సీహెచ్ఓ ట్యాంకులో ఒకే ఒక్క బ్యాక్టీరియా బతికిపోయిందనుకో. అది 20 నిమిషాలకోసారి రెట్టింపైతే 10 గంటల్లో 30 సార్లు, అంటే వంద కోట్లు దాటిపోతుంది. మన కణాలు ఈలోగా ఒక్కసారి కూడా రెట్టింపు కావు. రెండు వారాల బ్యాచ్ డ్రైనేజీ పాలు. అందుకే క్రిములన్నిటినీ చంపే స్టెరిలైజేషన్ దగ్గర నేను చాలా మొండిగా ఉంటాను.

విద్యార్థి: ఆటోక్లేవ్‌లో, అంటే ఆవిరితో క్రిముల్ని చంపే పెద్ద కుక్కర్‌లో, 121 డిగ్రీలు, 15 పీఎస్ఐ ఒత్తిడి, 15 నిమిషాలు. అందరికీ నోటికొచ్చిన లెక్కే కదా?

ఇంజనీర్: ఆ లెక్క సముద్రమట్టం దగ్గరిది. చెన్నైలో సరిపోతుంది. బెంగళూరు 920 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ బయటి గాలి ఒత్తిడి సుమారు 13.2 పీఎస్ఐ. చెన్నైలో 14.7. ఆటోక్లేవ్ మీద ఉన్న ముల్లు బయటి గాలికంటే లోపల ఎంత ఎక్కువుందో మాత్రమే చూపిస్తుంది. కుక్కర్ వెయిట్ కూడా బయటి గాలితో కలిసే ఆవిరిని అణిచిపెడుతుంది, అదే సంగతి. కాబట్టి ఇక్కడ ముల్లు 15 చూపిస్తే లోపల అసలు ఒత్తిడి 28.2. దానికి తగిన ఆవిరి వేడి 119 డిగ్రీల పైన కొంచెం, అంతే. 121 కాదు.

విద్యార్థి: రెండు డిగ్రీలు కూడా లేవుగా తేడా. అంత పట్టించుకోవాలా?

ఇంజనీర్: పట్టించుకోవాలి. వేడికి తట్టుకునే స్పోర్లు, అంటే గట్టి పెంకులో నిద్రపోయే బ్యాక్టీరియా రూపాలు, చావడానికి పట్టే టైమ్, 10 డిగ్రీలు తగ్గితే పదింతలవుతుంది. ఆ లెక్కన 1.8 డిగ్రీలు తగ్గితే ఒకటిన్నర రెట్లు. నీ 15 నిమిషాలు కాస్తా 22, 23 నిమిషాలు కావాలి. వేడిని కొలిచి దాన్ని బట్టి నడిచే ఆటోక్లేవ్ అయితే ఈ బాధ లేదు. ప్రెషర్ స్విచ్‌తో నడిచే చిన్న నిలువు ఆటోక్లేవ్‌లే ఇబ్బంది. అక్కడ ముల్లు 16.5 దాకా పోనివ్వాలి. ముందు ఆ పాత్ర ఎంత ఒత్తిడికి తయారైందో దానిమీద ఉన్న ప్లేట్ చూడు, సేఫ్టీ వాల్వ్ దాటేలా ఎప్పుడూ చేయొద్దు. అంత వీలుకాకపోతే టైమ్ పెంచు.

విద్యార్థి: ముల్లు సరిగ్గానే ఉండి, బ్యాచ్ చెడిపోయిందంటే?

ఇంజనీర్: ముందు గాలిని అనుమానించు. ఆవిరి వాల్వ్ నుంచి ధారగా, తెగకుండా వచ్చేదాకా గాలి బయటకి పోనివ్వాలి. సగం గాలి లోపలే ఉండిపోతే, సముద్రమట్టంలో కూడా, 15 పీఎస్ఐ దగ్గర వేడి 112 డిగ్రీలే. ఇంకోటి, ఆటోక్లేవ్ లోపలి గది వేడెక్కినా లోపలి సీసా వెంటనే వేడెక్కదు. రెండు లీటర్ల సీసా మధ్యలోకి వేడి చేరడానికి చాలాసేపు పడుతుంది. ప్రోబ్‌ని సీసా మధ్యలో ముంచి, అది 121 చూపించాకే గడియారం మొదలుపెట్టు. ఆటోక్లేవ్ టేప్ మీద నల్ల గీతలు వస్తే వేడి తగిలిందని తెలుస్తుంది, క్రిములు చచ్చాయని కాదు. దానికి వేడికి బాగా తట్టుకునే జియోబాసిల్లస్ అనే బ్యాక్టీరియా స్పోర్లున్న చిన్న ఆంపుల్ లోడ్ మధ్యలో పెట్టి, తర్వాత 55 నుంచి 60 డిగ్రీల దగ్గర ఉంచి రంగు చూడాలి. ఊదా రంగు పసుపైందంటే స్పోర్లు బతికే ఉన్నాయి. గ్లూకోజ్‌ని మాత్రం విడిగా ఆటోక్లేవ్ చేయండి. అమైనో ఆమ్లాలతో కలిపి పెడితే మీడియా టీ డికాషన్ రంగుకొస్తుంది.

విద్యార్థి: సరే, క్రిములు బయటే ఉన్నాయి. ఇక ఆక్సిజన్?

ఇంజనీర్: నాకు అన్నిటికన్నా ఇష్టమైన లెక్క ఇదే. చక్కెర లీటరుకి వందల గ్రాములు కరుగుతుంది. ఆక్సిజన్? చెన్నైలో 37 డిగ్రీల నీళ్లలో, గాలితో నింపితే, లీటరుకి 6.7 మిల్లీగ్రాములు. బెంగళూరులో 6. లీటరుకి 10 గ్రాముల పొడి బరువున్న ఈ. కోలై చురుగ్గా పెరుగుతున్నప్పుడు గంటకి దాదాపు 3 గ్రాముల ఆక్సిజన్ తింటుంది. భాగించి చూడు.

విద్యార్థి: ఏడు సెకన్లు?

ఇంజనీర్: ఏడు సెకన్లే. ఎయిర్ కంప్రెసర్ ఆగితే నీ దగ్గరున్న నిల్వ అంత. అందుకే ఆక్సిజన్‌ని ఒకసారి నింపి వదిలేసే సరుకులా చూడకూడదు, ప్రతి క్షణం పారుతూ ఉండాలి. హీట్ ట్రాన్స్‌ఫర్ చదివావుగా, ఇదీ అదే అచ్చు. ఆక్సిజన్ చేరే వేగం అంటే కేఎల్ఏ అనే గుణకాన్ని తేడాతో హెచ్చించడం. తేడా అంటే గరిష్ఠంగా కరిగేది, ఇప్పుడున్నది, ఆ రెండింటి మధ్య దూరం. డీఓ, అంటే కరిగిన ఆక్సిజన్, గరిష్ఠంలో 30 శాతం దగ్గర నిలపాలంటే తేడా 4.2 మిల్లీగ్రాములు. 3 గ్రాములు అందాలంటే కేఎల్ఏ గంటకి 700 పైన ఉండాలి. చిన్న ఫెర్మెంటర్‌లో తిప్పుడు బాగా పెంచితే అందుతుంది. పెద్ద ట్యాంకులో చాలా కష్టం.

విద్యార్థి: మరి ఏం చేస్తారు?

ఇంజనీర్: ముందు ఆర్‌పీఎం పెంచుతాం, బుడగలు చిన్నవవుతాయి. తర్వాత గాలి, నిమిషానికి ట్యాంకులో ఉన్న ద్రవమంత పరిమాణం దాకా. ఆ తర్వాతే శుద్ధమైన ఆక్సిజన్ కలపడం. స్టీలు ట్యాంకైతే బయటికి పోయే గాలిని బిగించి బ్యాక్ ప్రెషర్ 0.5 బార్ పెడితే కరిగే ఆక్సిజన్ ఒకటిన్నర రెట్లవుతుంది, కార్బన్ డయాక్సైడ్ కూడా ఎక్కువే కరుగుతుంది. గాజు పాత్రకి ఆ పని చేయొద్దు. గాలి బయటికి పోయే ఎగ్జాస్ట్ ఫిల్టర్ నురగతో తడిసి మూసుకుపోయినా గాజు పగిలే ప్రమాదముంది, పోయే గాలిలోని తేమని పట్టే కండెన్సర్‌లో చల్లనీళ్లు పారుతున్నాయో లేదో మర్చిపోకుండా చూడు.

విద్యార్థి: డీఓ ప్రోబ్ శాతం చెప్తుంది కదా, మిల్లీగ్రాములు కాదు?

ఇంజనీర్: అవును, అందుకే 100 శాతం ఎక్కడ పెట్టావన్నది ముఖ్యం. స్టెరిలైజ్ చేశాక, నడిపే వేడి, గాలి, ఆర్‌పీఎం, బ్యాక్ ప్రెషర్ అన్నీ పెట్టి, అప్పుడు 100 పెట్టు. సున్నాకి నైట్రోజన్. బ్యాక్ ప్రెషర్ తర్వాత పెడితే స్క్రీన్ మీద 150 చూసి కంగారుపడతావు. ఇంకో సంగతి, ఇక్కడ 30 శాతం అంటే 1.8 మిల్లీగ్రాములు, చెన్నైలో 2. ఒక ఊరి రెసిపీ ఇంకో ఊరికి తీసుకెళ్లేటప్పుడు ఇది రాసుకోవాలి. మిథనాల్‌తో నడిచే పిచియా ఈస్ట్‌కైతే ఇంకా గట్టిగా వర్తిస్తుంది, మిథనాల్‌ని కాల్చడానికి దానికి విపరీతంగా ఆక్సిజన్ కావాలి. 1978లో ఇదే ఊళ్లో బొప్పాయి నుంచి పపైన్ అనే ఎంజైమ్ తీయడంతో మొదలైన బయోకాన్ కంపెనీ ఇన్సులిన్ చేసింది ఆ పిచియాతోనే.

విద్యార్థి: ఎంత చేసినా ఆక్సిజన్ చాలకపోతే?

ఇంజనీర్: ఆకలి తగ్గించాలి. చక్కెర ఒకేసారి పోయకుండా కొద్దికొద్దిగా పోస్తే పెరుగుదల నీ చేతిలో ఉంటుంది. ఒకేసారి పోస్తే, ఆక్సిజన్ అందక ఈ. కోలై ఎసిటేట్ అనే వ్యర్థాన్ని వదులుతుంది. లీటరుకి కొన్ని గ్రాములు చేరితే అదే దాని పెరుగుదలని ఆపేస్తుంది.

విద్యార్థి: ఆ చక్కెర ఫీడ్ ఎప్పుడు మొదలుపెట్టాలో ఎలా తెలుస్తుంది?

ఇంజనీర్: ప్రోబే చెప్తుంది. డీఓ నెమ్మదిగా దిగుతూ దిగుతూ ఉన్నట్టుండి పైకి ఎగిరిందంటే, గ్లూకోజ్ అయిపోయింది, తినడం ఆగింది. పంపు ఆన్ చేయి, వెంటనే కిందికి దిగాలి. దిగకపోతే మొదట ప్రోబ్‌ని చూడు, తర్వాత ఫీడ్ గొట్టం నలిగిందేమో చూడు. డీఓ ఒక్కసారిగా కిందికి పడితే వేరే విషయం. అప్పుడే నురగ తగ్గించే యాంటీఫోమ్ వేశారేమో అడుగు. అది బుడగల్ని కలిపేసి పెద్దవి చేస్తుంది, కేఎల్ఏ పడిపోతుంది. చుక్కలుగా వేస్తే కోలుకుంటుంది, గ్లాసుతో పోస్తే ఆ రాత్రంతా ఆర్‌పీఎం పెంచుతూ కూర్చోవాలి.