దిశ ఉన్నంత మాత్రాన సదిశ కాదు

అందరికీ నమస్కారం.

ఇంటర్ మొదటి సంవత్సరంలో సదిశల పాఠం మొదలైన రోజే ఒక వాక్యం నోట్సులోకి ఎక్కుతుంది. పరిమాణం మాత్రమే ఉంటే అదిశ, దాంతోపాటు దిశ కూడా ఉంటే సదిశ. ద్రవ్యరాశి, కాలం, ఉష్ణోగ్రత, పని అదిశలు. స్థానభ్రంశం, వేగం, త్వరణం, బలం సదిశలు. చిన్న ప్రశ్నకు ఇంత రాస్తే మార్కులు పడతాయి. లెక్క దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇది చాలదు, ఎందుకంటే ఈ వాక్యం సగం మాటే చెబుతుంది.

కరెంటునే తీసుకోండి. తీగలో ప్రవాహానికి దిశ ఉంది, బాణం గుర్తు కూడా వేస్తాం. అయినా అది అదిశే. ఒక జంక్షన్‌కు ఒక తీగలో 3 ఆంపియర్లు, ఇంకో తీగలో 4 ఆంపియర్లు వస్తే మూడో తీగలో పోయేది 7. ఆ తీగల మధ్య కోణం 30 డిగ్రీలైనా 90 అయినా, వాటిని ఎటు వంచినా 7 మారదు. అదే 3 న్యూటన్లు, 4 న్యూటన్ల బలాలైతే ఒకే దిశలో 7, లంబంగా ఉంటే 5, ఎదురెదురుగా ఉంటే 1. కోణంతోపాటు ఫలితం మారాలి, అదీ సమాంతర చతుర్భుజ నియమం చెప్పినట్టే మారాలి. అంటే రెండింటినీ ఒకే బిందువు నుంచి పక్క భుజాలుగా గీసి సమాంతర చతుర్భుజం పూర్తి చేస్తే, ఆ బిందువు నుంచి గీసిన కర్ణమే మొత్తం. అలా కూడితేనే సదిశ.

ఇంకొకటి మీ చేతిలోని పుస్తకంతోనే చూడొచ్చు. అట్ట పైకి, వెన్ను ఎడమకు ఉండేలా బల్ల మీద పెట్టండి. ముందు బల్ల మీదనే గడియారం ముల్లు తిరిగే వైపు 90 డిగ్రీలు తిప్పండి, తర్వాత అవతలి అంచును పైకి లేపి నిలబెట్టండి. అట్ట మీవైపు, వెన్ను పైకి వస్తుంది. మళ్లీ మొదటిలా పెట్టి ఈసారి ముందు నిలబెట్టి, తర్వాత తిప్పండి. అట్ట ఎడమవైపు, వెన్ను అవతలికి పోతుంది. సదిశలను ఏ వరుసలో కూడినా ఒకే ఫలితం రావాలి కదా, ఇక్కడ రాలేదు. కాబట్టి పెద్ద కోణాల భ్రమణానికి అక్షమూ ఉంది, పరిమాణమూ ఉంది, కానీ అది సదిశ కాదు. మరీ చిన్న కోణాలకు ఈ తేడా దాదాపు మాయమవుతుంది. కోణీయ వేగాన్ని సదిశగా తీసుకోగలిగేది అందుకే.

ఇక ల్యాబ్‌కు వద్దాం. నిలువు బోర్డు, పైన రెండు కప్పీలు, మూడు దారాలు ఒకే ముడి దగ్గర కలిసే ప్రయోగం. దీన్ని రికార్డు నింపే పనిగా చూస్తారు. నా దృష్టిలో ఈ పాఠం మొత్తానికి ఇంతకంటే మంచి మాస్టారు లేడు.

ఒక పక్క 150 గ్రాములు, ఇంకో పక్క 200 గ్రాములు, మధ్యలో బరువు తెలియని వస్తువు వేలాడుతోంది అనుకోండి. ముందు కప్పీలను పరీక్షించండి. ముడిని కొంచెం పక్కకు లాగి వదిలితే మళ్లీ పాత చోటికే రావాలి. ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే కప్పీలో ఘర్షణ ఉన్నట్టే, ఒక నూనె చుక్క వేయండి. దారాలు కాగితానికి దగ్గరగా ఉండాలి కానీ రాసుకోకూడదు, తూకాలు బోర్డుకు తగలకూడదు. దారం వెనుక సన్నటి అద్దం ముక్క పెట్టి, దారమూ దాని ప్రతిబింబమూ ఒకటిగా కనబడినప్పుడే చుక్క పెట్టండి. ఒక్కో దారానికి రెండు చుక్కలు, వీలైనంత దూరదూరంగా. దగ్గరగా పెడితే పెన్సిల్ మొన మందమే గీతను పక్కకు తిప్పేస్తుంది.

సెంటీమీటరుకు 50 గ్రాముల స్కేలుతో ఆ రెండు దారాల గీతల మీద 3 సెం.మీ., 4 సెం.మీ. భుజాలు గీసి సమాంతర చతుర్భుజం పూర్తి చేయండి. భుజాల మధ్య కోణం సుమారు 62.7 డిగ్రీలు వస్తే కర్ణం 6 సెంటీమీటర్లు, అంటే వస్తువు 300 గ్రాములు.

ఎక్కువగా జరిగే పొరపాటు హ్యాంగర్, అంటే తూకం బిళ్లలు వేసే కొక్కెం, బరువు వదిలేయడం. హ్యాంగర్ 50 గ్రాములైతే, దాని మీద వేసిన బిళ్లలనే లెక్కపెట్టి 100, 150 అని రాస్తారు. కోణం అదే కాబట్టి కర్ణం 215 గ్రాములు చూపిస్తుంది. 85 గ్రాములు గల్లంతు! దీన్ని పట్టుకునే ఉపాయం కూడా ఆ కాగితం మీదే ఉంది. సరిగ్గా చేస్తే కర్ణం మూడో దారం గీతకు సూటిగా ఎదురు వస్తుంది. ఇక్కడ దాదాపు 2 డిగ్రీలు వాలుతుంది. కర్ణం వాలిందంటే కొలతలో ఎక్కడో తేడా ఉంది. చాలామంది ఆ వాలును రబ్బరుతో చెరిపి నిలువుగా దిద్దేస్తారు. అక్కడికి ప్రయోగం చచ్చిపోయినట్టే.

బలాలకు ఈ సమాంతర చతుర్భుజ నియమాన్ని న్యూటన్ 1687లోనే రాశాడు. దాన్ని గుర్తులతో రాసే పద్ధతి వచ్చింది మాత్రం పందొమ్మిదో శతాబ్దంలో, హామిల్టన్, గిబ్స్, హెవిసైడ్ అనే శాస్త్రవేత్తల చేతుల మీదుగా.

ప్రతిసారీ బొమ్మ గీయలేం కాబట్టి సదిశను అంశాలుగా, అంటే ఒకదానికొకటి లంబంగా ఉన్న రెండు అక్షాల వెంట భాగాలుగా, విడగొడతాం. వరంగల్ నుంచి హైదరాబాద్ సుమారు 117 కిలోమీటర్లు పడమరకు, 65 కిలోమీటర్లు దక్షిణానికి ఉంది. స్థానభ్రంశం దాదాపు 134 కిలోమీటర్లు. బస్సు తిరిగే దూరం అంతకంటే ఎక్కువ, ఎందుకంటే రోడ్డు సూటిగా పోదు. తూర్పును ఎక్స్, ఉత్తరాన్ని వై అనుకుంటే రెండు అంశాలూ రుణాత్మకం. రుణ గుర్తు ఉంది కదా అని అంశం సదిశ అయిపోదు. ఆ గుర్తు అక్షానికి ఎటువైపో చెబుతుంది, అంతే. ఇప్పుడు కోణం కోసం కాలిక్యులేటర్‌లో 65ను 117తో భాగించి టాన్ విలోమం నొక్కితే 29 డిగ్రీలు చూపిస్తుంది. రెండు మైనస్‌లూ భాగహారంలో కొట్టుకుపోయాయి కనుక అది తూర్పు నుంచి ఉత్తరం వైపు 29 అని చదువుకునే ప్రమాదం ఉంది. అలా చదువుకుని బయలుదేరితే గోదావరి దాటి ఛత్తీస్‌గఢ్ అడవుల్లో తేలతారు. 180 కలిపి 209 అని రాయాలి, లేదంటే పడమర నుంచి దక్షిణానికి 29 అని స్పష్టంగా చెప్పాలి. 29కి బదులు 0.5 లాంటి అంకె కనబడితే కాలిక్యులేటర్ రేడియన్లలో ఉంది.

చివరగా తీసివేత. ఇది కూడిక కంటే ఎక్కువ మందిని పడగొడుతుంది. ఉత్తరానికి గంటకు 40 కిలోమీటర్లతో పోతున్న బైకు చౌరస్తాలో తూర్పుకు మళ్లింది. స్పీడోమీటర్ ముల్లు 40 దగ్గరి నుంచి కదల్లేదు. వేగంలో మార్పు ఎంత? సున్నా అని రాస్తారు. సున్నా అయింది వడిలో మార్పు. తుది వేగం నుంచి తొలి వేగాన్ని తీసివేయడమంటే తూర్పు 40కి దక్షిణం 40 కలపడం. వచ్చేది 40 రూట్ రెండు, దాదాపు 56.6, ఆగ్నేయ దిశలో. అంటే మలుపులో బండి మీద సగటున ఆగ్నేయానికి లాగే బలం పనిచేసి ఉండాలి. ఆ బలాన్ని ఇచ్చేది టైరుకూ రోడ్డుకూ మధ్య ఘర్షణే. మలుపులో ఇసుక పడి ఉంటే ఆ ఘర్షణ చాలదు, బైకు తిరగకుండా జారి, దాదాపు తన పాత ఉత్తర దిశలోనే పోతుంది.