పూడిక వేరు, గేటు వేరు

(కర్నూలులో డిగ్రీ చివరి సంవత్సరం కంప్యూటర్స్ విద్యార్థుల ముందు ఒక ల్యాప్‌టాప్ మెకానిక్ చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న ప్రిన్సిపాల్ సారుకు, కంప్యూటర్స్ సార్లకు, మేడమ్‌లకు, నన్ను అంగట్లో దొరకబట్టి ఇక్కడిదాకా లాక్కొచ్చిన ల్యాబ్ అన్నకు, ఇంత ఎండన పడి వచ్చిన పిల్లలకు నమస్కారం. శాలువా తెచ్చినారని విన్నా. ఏప్రిల్ నెలలో కర్నూల్లో మనిషికి శాలువా కప్పడం సన్మానం కాదు సార్, శిక్ష. ఆ ఫ్యాను ఇంకొంచెం పెంచండి, అదే పది వేలు.

నాకిచ్చిన అంశం ల్యాప్‌టాప్ బ్యాటరీ, పవర్ సెట్టింగులు. కాగితం మీద వరుసగా రాసుకొచ్చినా. దాని ప్రకారమే పోతానని మాత్రం మాట ఇవ్వలేను. కడుపులో ఒక మంట ఉంది, అది ఎక్కడో మధ్యలో బయటపడతాది. సార్లు అరగంట అన్నారు. చూద్దాం.

ముందు చేతులెత్తండి. బ్యాటరీని సున్నా దాకా దింపి అప్పుడు చార్జింగ్ పెట్టాలని ఎంతమందికి చెప్పినారు? అబ్బో, సగానికి పైనే. చెప్పినోళ్లు అబద్ధం చెప్పలేదు, పాత మాట చెప్పినారు. నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలంలో ఆ మాటకు అర్థముండేది. సోనీ కంపెనీ 1991లో లిథియం అయాన్ బ్యాటరీని బజారుకు తెచ్చింది. ఆ బ్యాటరీకి దారి వేసిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో నోబెల్ కూడా వచ్చింది. మీ ఒళ్లో ఉన్న ల్యాప్‌టాపుల్లో ఉండేది అదే. దానికి సున్నా అంటే పడదు. నూరు దగ్గర రోజుల తరబడి నిలబెట్టినా పడదు. ఎప్పుడో ఒకసారి, పర్సెంటేజీ మీటరు తప్పులు చూపిస్తా ఉంటే దాన్ని దారికి తేవడానికి కిందికి దింపొచ్చు, అంతే. మీటరు సరవుతాది గానీ బ్యాటరీకి కొత్త బలమేం రాదు.

సరే, బ్యాటరీ బాగుందా లేదా ఎట్ల తెలుస్తాది? పక్కింటోణ్ణి అడగొద్దు, అంగడోణ్ణి అడగొద్దు. నన్ను కూడా అడగొద్దు. విండోస్‌నే అడగండి. కమాండ్ ప్రాంప్ట్, అదే కమాండ్లు టైప్ చేసే నల్ల కిటికీ, తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి, బ్యాటరీరిపోర్ట్ అని కలిపి కొట్టండి. ఒక ఫైలు తయారవుతాది, ఎక్కడ పెట్టిందో అదే చెప్తాది. బ్రౌజర్‌లో తెరిస్తే అందులో రెండు అంకెలుంటాయి. డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ. కంపెనీలో కట్టినప్పుడు ఎంత పట్టేది, ఇప్పుడు నిండా చార్జ్ చేస్తే ఎంత పడుతుంది, అదీ లెక్క.

తుంగభద్ర డ్యామ్ సంగతి మీకు నేను చెప్పాల్నా? కట్టినప్పుడు 133 టీఎంసీలు. పూడిక చేరీ చేరీ ఇప్పుడు సుమారు 105. కట్టిన లెక్క డిజైన్ కెపాసిటీ, ఇప్పటి లెక్క ఫుల్ చార్జ్ కెపాసిటీ. పూడిక ప్రతి డ్యామ్‌కూ వస్తాది, ప్రతి బ్యాటరీకీ వస్తాది. ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని తవ్విపోయలేదు, నెమ్మదిగా చేరేటట్టు చూడగలదు, అంతే. ఫోన్లో, ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ పెంచుతామని చెప్పే యాప్‌లు ఉంటాయే, అవన్నీ ఆ ఫోన్లో, విండోస్‌లో ముందే ఉన్న స్విచ్చులనే నొక్కి, మళ్లీ వెనకాల కూర్చుని అదే బ్యాటరీ తాగుతాయి. తీసి పారేయండి.

ఇంకొక సంగతుంది. 2024 ఆగస్టులో అదే డ్యామ్‌ది 19వ నంబరు గేటు రాత్రికి రాత్రి కొట్టుకుపోయింది. గుర్తుందా? ఆ నీళ్లు పోయింది పూడిక వల్లనా? కాదు కదా. గేటు పోతే ఆ సందుకు అడ్డంగా స్టాప్‌లాగ్‌లు అనే పెద్ద పలకలు దించినారు. డ్యామ్ పాతదైంది, కొత్తది కట్టుకుందాం పదండి అని ఎవరన్నా అన్నారా?

మా వ్యాపారంలో అంటారు. నా మంట అదే.

ఆదోని నుంచి ఒకాయన వచ్చినాడు, కూతురితో. ఆటో తోలే మనిషి. ఆ పాప ఇంటి నుంచే డేటా ఎంట్రీ పని చేస్తూ, ఇంకో పక్క పోటీ పరీక్షలకు చదువుతా ఉంది. రాత్రి నూరు పర్సెంట్ చేసి, మూత మూసి, బ్యాగులో పెట్టుకుంటుంది. పొద్దున బస్సు దిగి తెరిస్తే నలభై. ఒక్కోరోజు తెరుచుకోనే తెరుచుకోదు. ఒక పెద్ద అంగట్లో చూపించినారంట. పేరు చెప్పను, పేరుతో పనిలేదు. వాళ్లు మిషన్ కూడా ఆన్ చేయకుండా "బ్యాటరీ పోయింది, 6,500 అయితాది" అన్నారంట. ఆయన చొక్కా జేబులో ఆ డబ్బు ఉంది. నన్నడిగింది ఏంటో తెలుసా? "అన్నా, నువ్వేమన్నా ఒక వెయ్యి తగ్గించి వేస్తావా?"

రిపోర్ట్ తీసినా. కట్టినప్పుడు 42,000 మిల్లీవాట్ అవర్లు, ఇప్పుడు 37,900. నూటికి తొంభై. అంటే పూడిక పదోవంతు కూడా లేదు! "నాయనా, ఈ బ్యాటరీకి ఏమీ కాలేదు" అంటే ఆయన నా మొగం చూస్తాడే గానీ నమ్మడు. పెద్ద అంగడోళ్లు చెప్పింది తప్పా, ఈ రేకుల అంగడోడు చెప్పింది నిజమా? ఆయన తప్పేం లేదు.

అప్పుడు రెండో కమాండ్ కొట్టినా. ఇది రాసుకోండి, దీనికి కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి కొట్టాల. పవర్‌సీఎఫ్‌జీ, ఖాళీ, స్లాష్, స్లీప్‌స్టడీ. మూడు రోజుల నిద్ర లెక్కంతా బయట పెడతాది. ఎన్ని గంటలకు మూత మూసినావు, ఎన్నింటికి తెరిచినావు, ఆ మధ్యలో ఎంత కారిపోయింది, కార్చిందెవరు. ఆ పాప రిపోర్ట్‌లో రాత్రుళ్లన్నీ ఎర్రగా ఉన్నాయి. కార్చినవాళ్ల జాబితాలో వైఫై కార్డు పైన కూర్చుంది. పాపకు చూపిస్తే తనే చదివింది, వాళ్ల నాన్నకు తనే చెప్పింది. ఆయన చెయ్యి అప్పటిదాకా జేబు మీదే ఉంది, అప్పుడు తీసినాడు.

ఏం జరిగిందో చెప్తా. వెనకటి ల్యాప్‌టాప్‌లకు మూత మూస్తే ఎస్ 3 అనే నిద్ర ఉండేది. ఒక్క మెమరీకి తప్ప దేనికీ కరెంటు పోదు. ఇప్పటివాటిలో చాలావరకు ఆ నిద్ర తీసేసి ఎస్ 0 పెట్టినారు, మాడరన్ స్టాండ్‌బై అని దాని పేరు. ఫోన్ మాదిరి, తెర ఆరినా లోపల మేలుకునే ఉంటాది, మెయిల్ చూసుకుంటాది, అప్‌డేట్ దింపుకుంటాది. డ్రైవర్, అంటే వైఫై కార్డు లాంటివాటిని నడిపే సాఫ్ట్‌వేర్, ఏదైనా సరిగ్గా లేకపోతే రాత్రంతా మేలుకుని తాగుతానే ఉంటాది. ఇదీ కొట్టుకుపోయిన గేటు, పూడిక కాదు. బ్యాగులో ఉంటే ఇంకా నాశనం, గాలి ఆడదు, బాగా వేడెక్కిపోతాది. మధ్యాహ్నం పూట ఆదోని బస్సులో, ఒళ్లో బ్యాగు, ఆ బ్యాగులో మేలుకున్న మిషను. ఆ వేడికి నిజంగానే పూడిక చేరడం మొదలవుతాది. అంగడోని మాట ఆర్నెల్ల తర్వాత నిజమై కూర్చుంటాది!

మందు చిన్నదే. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, ఎడమ పక్కన మూత మూస్తే ఏం చేయాల అనే వరుస. అక్కడ స్లీప్ తీసి హైబర్నేట్ పెట్టడం. మెమరీలో ఉన్నదంతా డిస్కులో రాసి మిషన్ నిజంగా ఆరిపోతాది. తెరిచేటప్పుడు కొన్ని సెకన్లు ఎక్కువ పడతాయి, పడనీ. హైబర్నేట్ కనపడకపోతే పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ హైబర్నేట్ ఆన్ అని కొట్టండి, ఇది కూడా అడ్మినిస్ట్రేటర్‌గానే. ఆ పాప మిషన్‌కు నేను చేసింది ఇంతే. ఆయన డబ్బులివ్వబోతే ఉగ్గాని బజ్జీ తినిపించమన్నా, తినిపించినాడు. ఆ 6,500 ఆటో టైర్లకు పోయిందని తర్వాత తెలిసింది.

ఇది ఒక్కరి కథ అనుకోవద్దండి. బాగున్న బ్యాటరీలు పీకి పక్కన పడేసి, ఊరూ పేరూ లేని డూప్లికేట్‌లు బిగించి పంపుతున్నారు. రిపోర్ట్ తీయడానికి ఒక్క నిమిషం. ఆ నిమిషం పెట్టని అంగడికి మీరు మిషన్ ఇవ్వొద్దు. సార్, ఈ మాట మీరు కూడా క్లాసులో చెప్పాల. సిలబస్‌లో లేదంటారా? పెట్టండి సార్!

కాగితం... ఎక్కడున్నా? ఆ, వాట్ల లెక్క. గంటలు ఎన్ని వస్తాయనేది ఉత్త భాగాహారం. ఆ పాపది మాదిరి 37,900 మిల్లీవాట్ అవర్లు, అంటే 37.9 వాట్ అవర్ల బ్యాటరీ ఉంటే, మిషన్ 7 వాట్లు తాగితే 5 గంటల పైన నడుస్తాది, 15 తాగితే రెండున్నర గంటలు. కాబట్టి తాగేది తగ్గించాల. అన్నిటికన్నా ముందు తెర వెలుగు తగ్గించండి. గేమింగ్ మిషన్ ఉన్నోళ్లు తెర రిఫ్రెష్, అంటే సెకనుకు తెర ఎన్నిసార్లు మారాలనే లెక్క, 144 నుంచి 60కి దింపండి, టైప్ చేసే పనికి 144 ఎందుకప్పా? పవర్ మోడ్‌లో బెస్ట్ పెర్ఫార్మెన్స్ మీద పెట్టి, బ్యాటరీ రాదని నా దగ్గరకొచ్చేవాళ్లు ఉన్నారు. ఇంకొక చిట్కా, అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్ 100 ఉంటాది, దాన్ని 99 చేస్తే టర్బో, అంటే ప్రాసెసర్ మామూలు వేగం దాటి ఉరకడం, ఆగిపోతాది, మిషన్ చల్లబడతాది. కొన్నిటిలో ఆ వరుస దాచిపెట్టి ఉంటారు, కనపడకపోతే వదిలేయండి.

వేడి గురించి మాత్రం వదలను. కంపెనీలు చాలావరకు 35 డిగ్రీల దాకా వాడుకోమని రాస్తాయి. మన దగ్గర మార్చి దాటితే 40. గని, శకునాల ఊళ్ల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు పెట్టింది ఊరికే కాదు, ఈ ఎండ చూసే. ఆ ఎండకు తోడు మీరు పరుపు మీద పెట్టి కింద గాలి రంధ్రాలు మూసేస్తారు. ఇంట్లో నాపబండలు పరిచి ఉన్నాయి కదా, ఆ బండ మీద పెట్టుకోండి, కూలింగ్ ప్యాడ్ కొనే పని లేదు.

ఇక ఎప్పుడూ చార్జర్ పెట్టే వాడేవాళ్లకు. 80 దగ్గర ఆపేయమని చెప్పండి మిషన్‌కు. లెనోవోలో వాంటేజ్ అనే యాప్‌లో కన్జర్వేషన్ మోడ్ ఉంటాది, ఆసుస్‌లో మైఆసుస్‌లో ఉంటాది, మిగతా కంపెనీల్లో చాలావాటికి అట్లాంటిదే ఒకటి, లేదంటే విండోస్ కన్నా ముందు తెరుచుకునే బయోస్ సెట్టింగుల్లో. లినక్స్ వాడే పిల్లలుంటే టీఎల్‌పీ అనే బ్యాటరీ పొదుపు ప్రోగ్రాం వేసుకోండి, మీ మిషన్ ఒప్పుకుంటే చార్జింగ్ ఎక్కడ ఆపాల్నో అంకె రాయొచ్చు. ఎవరు ఎంత తాగుతున్నారో పవర్‌టాప్ అనే ఇంకో ప్రోగ్రాం చూపిస్తాది. "సాయంత్రం కరెంటు పోతే మిగతా 20 ఎవరిస్తారన్నా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు, వినపడింది. న్యాయమైన మాట. పరీక్ష రోజు, కోతలున్న వారం, 100 పెట్టుకో. మిగతా రోజులు 80. బ్యాటరీని కాపాడుకోవడానికి పరీక్ష పోగొట్టుకోమని నేను చెప్పను.

టచ్‌ప్యాడ్ నొక్కితే టిక్కు పడకపోయినా, పైకి లేచినట్టున్నా, అది సెట్టింగులతో పోయేది కాదు. కింద బ్యాటరీ ఉబ్బి ఉంటాది. చార్జర్ పీకేసి నేరుగా మెకానిక్ దగ్గరికి తీసుకుపోండి. పిన్నీసు పెట్టి గుచ్చి చూసిన మహానుభావుడు ఒకడున్నాడు మా వీధిలో, నిప్పు అంటుకుంది. కనురెప్పల వెంట్రుకలు ఇంకా సరిగ్గా రాలేదు.

సార్ గడియారం చూస్తున్నారు. వందన సమర్పణ కాసేపు ఆపండి సార్. రెండో బెంచీలో ఆ బాబు ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. నాయనా, పవర్‌సీఎఫ్‌జీ, ఖాళీ, స్లాష్, ఏ అని కొట్టు. వచ్చిందా? స్టాండ్‌బై పక్కన ఎస్ 3 అని ఉందా, ఎస్ 0 అని ఉందా? అందరికీ వినపడేటట్టు గట్టిగా చదువు.