వీణ దించి మాట ఎత్తుకున్న ఇనాయత్ ఖాన్

సభలోని పెద్దలకూ, సంగీత విద్యార్థులకూ నమస్కారం.

హజ్రత్ ఇనాయత్ ఖాన్ పేరు చెప్పగానే చాలామందికి సూఫీ గురువు గుర్తొస్తారు. ఆయన గాయకుడు, వైణికుడు అన్న సంగతి జీవితచరిత్ర మొదటి పేజీల్లోనే ముగిసిపోతుంది. ఆ పేజీల్ని తొందరగా తిప్పేయొద్దని చెప్పడానికే ఈ ప్రసంగం. అమెరికాలో, ఐరోపాలో ఏళ్ల తరబడి, చేతిలో కాగితం ముక్క లేకుండా, తనది కాని భాషలో ఆయన ఆశువుగా మాట్లాడారు. ఆ విద్యకు పునాది సంగీతంలోనే పడింది.

ఆయన 1882 జులై 5న బరోడాలో పుట్టారు. తండ్రి రహ్మత్ ఖాన్ ధ్రుపద్ గాయకుడు; ధ్రుపద్ అంటే హిందుస్తానీ సంగీతంలో ఒక పాత గాన పద్ధతి. తల్లివైపు తాత మౌలాబఖ్ష్ దగ్గర మనం కాసేపు ఆగాలి. ఉత్తరాది విద్వాంసుడై ఉండి కూడా దక్షిణాదికి వచ్చి కర్ణాటక సంగీతం పట్టుబట్టి నేర్చుకున్న మనిషి ఆయన. బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఆదరణతో 1886లో బరోడాలో గాయనశాల పెట్టారు. పాటను కాగితం మీదికెక్కించే స్వరలిపి ఒకటి సొంతంగా తయారుచేశారు. అందువల్ల ఆ ఇంట్లో ధ్రుపదూ ఉండేది, మన సరస్వతీ వీణా ఉండేది. మనవడు రెండూ పట్టుకున్నారు.

ఆ వీణను దగ్గరగా చూద్దాం. మెట్లు 24; స్థాయికి 12 చొప్పున రెండు స్థాయిలు. వాయించే తీగలు 4: సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. తాళానికి పక్కన మరో 3. మెట్లు మైనంలో కూర్చుని ఉంటాయి. ఎండకు మైనం మెత్తబడిందంటే మెట్టు వెంట్రుకవాసి జరుగుతుంది, స్వరం తప్పుతుంది. మళ్లీ మేళం కట్టుకోవాలి, అంటే మెట్లను సరైన చోట కూర్చుకోవాలి. దానికి కొలబద్ద చాలదు, చెవి కావాలి. ఇక గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పలికే సొగసు, పలకాలంటే మెట్టు మీదే తీగను పక్కకు లాగాలి. ఎంత లాగాలో ఏ పుస్తకమూ చెప్పలేదు. రాగం ఒంటబట్టిన వేలు అక్కడికక్కడ తేల్చుకుంటుంది. దీన్నే మనం మనోధర్మం అంటాం. చిన్నప్పటి నుంచీ ఈ సాధనలో పెరిగిన మనిషికి, సభ ముందు నిలబడి అప్పటికప్పుడు మాట అల్లుకుంటూ పోవడం కొత్త విద్య కాదు.

1903 ప్రాంతంలో ఆయన హైదరాబాదు వచ్చారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయన సంగీతం విని ‘తాన్‌సేన్-ఉజ్-జమాన్’, అంటే ఈ కాలపు తాన్‌సేన్ అని బిరుదిచ్చారు. బిరుదు అలా ఉంచండి. ఆయన బతుకు మలుపు తిరిగింది అదే ఊళ్లో, సూఫీల్లో చిష్తీ సంప్రదాయానికి చెందిన సయ్యద్ అబూ హాషిం మదనీ దగ్గర. ఒకరోజు ముర్షిద్, అంటే ఆ గురువు, తత్వ విషయం ఎత్తుకోగానే శిష్యుడు రాసుకుందామని నోటుబుక్కు తీశారు. అది చూడగానే ముర్షిద్ మాట మార్చేశారు. కాగితం మీదికి కాదు, లోపలికి తీసుకో అన్న సంగతి శిష్యుడికి తెలిసిపోయింది. ఇనాయత్ ఖాన్ తానే తర్వాత చెప్పుకున్న ముచ్చట ఇది. దీన్ని గుర్తుంచుకోండి, మళ్లీ ఇక్కడికే వస్తాం.

1907లో ముర్షిద్ కాలం చేశారు. నీ సంగీతంతో తూర్పునూ పడమరనూ కలుపు అన్నది ఆయన శిష్యుడికి అప్పగించిన పని. ఇనాయత్ ఖాన్ దేశమంతా తిరిగి, కలకత్తా చేరి, అక్కడ 1909లో గ్రామఫోను కంపెనీకి 31 పాటలిచ్చారు. 1910 సెప్టెంబరు 13న తమ్ముడు మహబూబ్ ఖాన్, బంధువు మహమ్మద్ అలీ ఖాన్‌లతో అమెరికాకు ఓడ ఎక్కారు.

అక్కడ చిక్కు వచ్చింది. ఒకే షడ్జం, అంటే ఆధారమైన ‘స’ స్వరం, మీద నిలబడి సాగే రాగం అక్కడి చెవులకు అలవాటు లేదు; అనేక స్వరాలు ఒక్కసారే మోగితే తప్ప వాళ్లకు సంగీతం నిండుగా అనిపించదు. అమెరికన్ నర్తకి రూత్ సెయింట్ డెనిస్ నాట్య బృందంతో ఊరూరా తిరిగినప్పుడు ఈ సంగీతం నాట్యానికి రంగుల తెరలా మిగిలింది. అందుకని పాటకు ముందు నాలుగు మాటలు చెప్పాల్సి వచ్చేది. ఆ మాటలు పెరిగాయి, పాట తగ్గింది. మొదటి ప్రపంచ యుద్ధకాలం లండన్‌లో గడిచింది. ఆ తర్వాత పారిస్ పక్కన స్యురేన్‌లో ‘ఫజల్ మంజిల్’ అనే ఇంట్లో కుదురుకుని, వేసవి శిబిరాలు నడిపేనాటికి వీణ పక్కకు వెళ్లిపోయింది. తీగలకు బదులు మనుషులను శ్రుతి చేస్తున్నానన్నది ఆయన భావం. ప్రాణమైనదాన్ని వదులుకోవడం తేలికని ఎవరూ అనుకోకూడదు.

ఆ ప్రసంగాలను సంగీతం తెలిసినవాళ్లు చదివితే నడక ఇట్టే పట్టుబడుతుంది. మొదటి వాక్యం షడ్జం పట్టినట్టు సాదాగా ఉంటుంది. తర్వాత ఒక ఉపమానం, ఒక చిన్న కథ, మళ్లీ మొదటి మాట దగ్గరికి రాక. పల్లవిలా ఆ మాట వచ్చిన ప్రతిసారీ కొంచెం కొత్త అర్థంతో వస్తుంది. ఆయన సూక్తుల పుస్తకాల పేర్లు కూడా ‘గాయన్’, ‘వాదన్’, ‘నిర్తన్’: పాట, వాద్యం, నాట్యం.

ఇప్పుడు ఆ నోటుబుక్కు సంగతి. స్యురేన్‌లో ఆయన మాటలను శిష్యులు షార్ట్‌హ్యాండ్‌లో రాసుకునేవారు. వారిలో ముఖ్యురాలు హాలండుకు చెందిన సకీనా ఫుర్నే. ముందు గీతల్లో రాత, తర్వాత దాన్ని విప్పి మామూలు అక్షరాల్లోకి ఎక్కించడం, టైపు చేయడం, ఆపైన పుస్తకం కోసం దిద్దడం. ప్రతి మెట్టు దగ్గరా ఏదో ఒకటి జారిపోయే వీలుంది. షార్ట్‌హ్యాండ్‌లో దగ్గర దగ్గర ధ్వనులున్న మాటలు ఒకదానికొకటి పొరపాటుపడతాయి. పారసీ, అరబీ పదాలు ఐరోపా చెవిలో పడి మరో రూపం తెచ్చుకుంటాయి. దిద్దేవాళ్లకు పల్లవి కాస్తా పునరుక్తిగా కనిపిస్తుంది, కొట్టేస్తారు. 1960లలో వచ్చిన 12 సంపుటాలను విషయాలవారీగా కూర్చారు. చదవడానికి హాయిగా ఉంటాయి గానీ, ఏ మాట ఏ రోజు సభలో పుట్టిందో తెలియదు. ఆ తర్వాత నెక్‌బఖ్త్ ఫౌండేషన్ వాళ్లు తేదీల వరసలో, షార్ట్‌హ్యాండ్‌కూ అచ్చుకూ ఉన్న తేడాలు అడుగున చూపిస్తూ సంపుటాలు వేస్తూ వచ్చారు. విద్యార్థులు పట్టుకోవలసింది వీటిని. తాతగారి స్వరలిపిలో గమకం రానట్టే, ఈ రాతలోనూ గొంతు రాదు. స్వరం చూసి కృతి పాడుకున్నట్టు, వీటిని కూడా పైకి చదవాలి, నెమ్మదిగా, విరుపులు వెతుక్కుంటూ.

1926లో ఆయన స్వదేశానికి తిరిగొచ్చారు. 1927 ఫిబ్రవరి 5న ఢిల్లీలో కన్నుమూశారు, 44 ఏళ్లకే. సమాధి నిజాముద్దీన్ బస్తీలో ఉంది.

కలకత్తా రికార్డుల్లో ఒకటి ఇప్పుడు వినిపిస్తాం. సుమారు 3 నిమిషాలు. ఆనాటి ప్లేటులో పట్టేది అంతే. గరగర చప్పుడును కాసేపు ఓర్చుకుని, గొంతు షడ్జం మీద వచ్చి వాలే చోటు కోసం చెవి పెట్టండి.