ఉండేలు కళాఖండం ఎలా అయింది? ఆఫ్రికా కళకు ‘అసలు’ ముద్ర వేసేది ఎవరు?

[కెమెరా ముందు ప్రెజెంటర్. చేతిలో చెక్క మాస్కు.]

ఈ మాస్కు నాది కాదు. పశ్చిమ ఆఫ్రికాలోని ఐవరీ కోస్టు దేశంలో, అబిజాన్ నగరంలో రెండేళ్లు ఉద్యోగం చేసి వచ్చిన మా మిత్రుడిది. దిగిన మర్నాడే దీన్ని తువ్వాలులో చుట్టి తెచ్చి, ‘ఇలాంటివి నువ్వు చదువుతుంటావు కదా, ఇది అసలుదేనా చెప్పు’ అన్నాడు. బాగుందా అని అడగలేదు. ఎవరు చెక్కారో, ఏ చెట్టు కలపో అతనికి అక్కర్లేదు. అసలుదేనా, అంతే.

ఈ ప్రశ్న వింటే నాకు ఒళ్లు మండుతుంది. పాలలో నీళ్లు కలిశాయా అని చూసినట్టు, బొమ్మ లోపలెక్కడో అసలుతనం దాక్కుని ఉంటుందని, గీకి చూస్తే బయటపడుతుందని అందరి నమ్మకం. ఆఫ్రికా చెక్క శిల్పాల విషయంలో ఆ అసలుతనంలో పెద్ద వాటా చెక్కినవాడిది కాదు, అమ్మినవాడిది. ఈ రోజు ఆ అమ్మినవాడి గురించి మాట్లాడుకుందాం.

మాస్కును పక్కన పెడతాను. దీనికంటే ఉండేలు మంచి ఉదాహరణ.

[తెర మీద: పిడి మీద మనిషి తల చెక్కిన ఉండేలు]

ఉండేలు, పంగలకర్ర, మీ ఊళ్లో ఏమంటే అది. ఐవరీ కోస్టులో బౌలే, గురో ప్రజల పల్లెల్లోనూ పిల్లలు దీనితో పిట్టలను కొట్టేవారు. అక్కడ కొందరు పిడిని బోడిగా వదలకుండా మీద ఒక తలో, జంతువో చెక్కేవారు. ముచ్చట కోసం, అంతకుమించి ఏమీ లేదు. పాత వస్తువుల కోసం పల్లెలకు వచ్చే వర్తకులు మాస్కులు, విగ్రహాలు అడిగేవారు తప్ప ఉండేలును పట్టించుకునేవారు కాదు.

1980లలో అబిజాన్‌లోని యూరోపియన్ సేకర్తలకు దాని మీద మనసు పడింది. ఫొటోలతో ఒక పుస్తకం కూడా వచ్చింది. ఇక చూడండి, వర్తకులు పల్లెలకు పరుగు తీశారు. పిల్లల చేతుల్లో ఉన్నవి అయిపోయాయి. అయిపోతే ఏం చేస్తారు? చెక్కించారు. కొత్త ఉండేళ్ల పిడుల మీద పాతవాటికంటే గొప్ప పనితనం కనిపించసాగింది. అప్పటిదాకా ఉండేలు మీద ఎవరూ ఊహించని మాస్కుల ముఖాలు కూడా వచ్చి కూర్చున్నాయి. సేకర్తకు కావలసింది ఆటవస్తువు కాదు, ఆఫ్రికా. సరే, ఆఫ్రికాను చెక్కి ఇచ్చారు.

చిన్న పిట్టకథ. ఉండేలుకు సాగే రబ్బరు కావాలి. ఆ రబ్బరు టైరు లోపలి ట్యూబును కోసి తీసినది. అంటే టైరు ట్యూబు రాకముందు ఈ రకం ఉండేలు పుట్టే వీలే లేదు. అయినా దాన్ని ‘ప్రాచీన’ వస్తువు అని అమ్మేవారున్నారు, నమ్మేవారున్నారు. నాకు ఇద్దరిలో నమ్మేవారే ఎక్కువ ముచ్చటగా కనిపిస్తారు.

ఇప్పుడు ఉండేలు వెంట నడుద్దాం. క్రిస్టఫర్ స్టైనర్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త 1980ల చివర్లో అబిజాన్ సంతల్లో ఈ వర్తకుల వెంట తిరిగి, వారి వ్యాపారాన్ని దగ్గరగా చూసి రాశారు. నాకు తెలిసినంతలో ఈ విషయం మీద అంత ఓపికతో చేసిన పని అరుదు.

పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి కొనే చిన్న బేరగాడు ఒకడు ఉంటాడు. అతని నుంచి పట్నంలో గోదాము ఉన్న షావుకారు కొంటాడు. అక్కడి నుంచి సరుకు సంతలో దుకాణానికైనా వెళుతుంది, విదేశీ గ్యాలరీకైనా వెళుతుంది. వీరిలో చాలామంది హౌసా, వొలోఫ్, మాండే భాషలు మాట్లాడే ముస్లిం వర్తకులు. ఆ విగ్రహాలను కొలిచే ఆచారం వారిది కాదు. వారికి అది సరుకు, బియ్యం బస్తా లాగే. అందుకే తొణకకుండా బేరం చేయగలరు.

ఈ వరుసలో ఉండేలు చెక్కినవాడికి చివర కొన్నవాడి ముఖం తెలియదు. కొన్నవాడికి చెక్కినవాడి ఊరు తెలియదు. మధ్యవాడి బతుకంతా వారిద్దరూ ఎదురుపడకపోవడం మీదే ఆధారపడి ఉంది. ఎదురుపడితే ఏమవుతుందో ఊహించండి. ‘అయ్యా, ఇది నేను పోయిన నెల చెక్కాను’ అని అతను గర్వంగా చెబుతాడు. బేరం అక్కడికక్కడే చెడిపోతుంది.

కాబట్టి ఆ ఖాళీలో మధ్యవాడు కథ పెడతాడు. ఫలానా తాత దగ్గరిది, ఆయన పోయాక మనవలు అమ్ముకున్నారు. కథ ఒక్కటే చాలదు, చూపించే తీరు కూడా ఉంది. మంచి వస్తువును దుకాణం ముందు పెట్టరు. వెనక ఎక్కడో, కాగితాల్లో చుట్టి పెడతారు. పర్యాటకుడు అటూ ఇటూ వెతికి, ‘అదేమిటి?’ అని తనే అడగాలి. తనే కనిపెట్టాననుకోవాలి. కనిపెట్టినవాడు బేరం గట్టిగా ఆడడు, గమనించండి.

[తెర మీద: రెండు ఉండేళ్లు పక్కపక్కన, ఒకటి తెల్లని కొత్త చెక్క, ఇంకొకటి నల్లగా]

ఇక రంగు. కొత్త చెక్క తెల్లగా ఉంటుంది, పాత చెక్క నల్లబడి, చేతులు తగిలిన చోట నున్నబడి ఉంటుంది. ఆ నలుపు తెప్పించడానికి పొగలో పెట్టడం, మట్టి పూయడం, చెదలకు వదలడం, నూనె రాయడం లాంటివి ఎన్నో ఉన్నాయి. పొటాషియం పర్మాంగనేట్ కూడా వాడతారు. అవును, మన పల్లెల్లో బావిలో వేసే ఆ ఊదారంగు మందే. చెక్కకు రాస్తే గోధుమ రంగుకు తిరుగుతుంది.

ఇది వింటే నాకు టీ డికాక్షనులో ముంచి నాటు గుడ్లని అమ్మే ఫారం గుడ్లు గుర్తొస్తాయి. గుడ్డు రంగు చూసి పల్లెను కొనే అలవాటు మనకు లేకపోతే ఆ డికాక్షను ఎవరు కాస్తారు?

అయితే ఒక మాట. దీన్నంతా మోసం అని తోసేస్తే మీరు నా మిత్రుడి గట్టునే ఉన్నట్టు. వర్తకుడు చేసేది ఎప్పుడూ అబద్ధమే కాదు. విరిగిన చెయ్యి అతికిస్తాడు, ఊడిన రబ్బరు బదులు కొత్తది కడతాడు. కొన్నవాడి ఇష్టాన్ని పల్లెకు మోసుకెళతాడు, అది శిల్పి ఉలి దాకా చేరుతుంది. అందుకే కొత్త ఉండేళ్లలో కొన్ని నిజంగా గొప్పవి. నాకు నచ్చిన రెండు మూడు కొత్తవే.

ఇప్పుడు పారిస్ వెళదాం. అక్కడ ఇదే పని చేసినవారికి వేరే పేరు ఉంది.

[తెర మీద: 1910ల నాటి పారిస్ వీధి]

పోల్ గియోమ్. ఆఫ్రికా శిల్పాన్ని యూరప్‌లో ‘కళ’గా నిలబెట్టిన వ్యాపారుల్లో ముఖ్యుడు. మొదట ఒక మోటారు గ్యారేజీలో పని చేసేవాడు. రబ్బరు సరుకుతో పాటు అక్కడికి వచ్చిన ఆఫ్రికా బొమ్మలను కిటికీలో పెడితే కవి అపోలినేర్ కంట పడ్డాయని చెబుతారు. మళ్లీ రబ్బరే, చూశారా! మన ఉండేలును వదిలిపెట్టదు. 1914లో సొంత గ్యాలరీ తెరిచాడు. అమెరికాలో బార్న్స్ లాంటి పెద్ద సేకర్తకు సరఫరా చేశాడు. చెక్క బొమ్మలకు వందల ఏళ్ల వెనకటి తేదీలు వేసేవాడు. వాటిలో చాలావరకు 19వ శతాబ్దపువని తర్వాత తేలింది. ఆ తేమలో, ఆ చెదల మధ్య చెక్క అన్ని వందల ఏళ్లు నిలవడం ఎంత కష్టమో అడిగినవారు తక్కువ.

ఇంకో విచిత్రం. గాబన్ ప్రాంతపు ఫాంగ్ ప్రజలు పూర్వీకుల అస్థికలను చెట్టు బెరడు పెట్టెలో దాచి, దాని మీద కాపలాగా ఒక బొమ్మను నిలిపేవారు. పారిస్ చేరేసరికి పెట్టె లేదు, అస్థికలు లేవు, బొమ్మ మాత్రం ఉంది. ఎన్నో మాస్కులకు నారతో, గుడ్డతో చేసిన వేషం ఉండేది, అదీ పోయింది. మిగిలిన చెక్కను తుడిచి, మెరిపించి, పీఠం మీద నిలబెట్టారు. ఆ పీఠాలు చేసే ఇనగాకి అనే జపాను వడ్రంగి పారిస్‌లో ఉండేవాడు. ఆయన ముద్ర ఉన్న పీఠం దొరికితే వేలంలో ఈ రోజుకూ దాన్ని ప్రత్యేకంగా రాస్తారు.

ఉండేలు భాషలో చెబితే, రబ్బరు పీకేసి, పిడి మీది తలను మాత్రం అద్దాల పెట్టెలో పెట్టడం. అబిజాన్‌లో మట్టి పూసినవాడు మోసగాడు. పారిస్‌లో మట్టి తుడిచినవాడు రసజ్ఞుడు. ఇద్దరూ తమ ఖాతాదారుడికి నచ్చేలా వస్తువును సర్దినవారే. అయినా మన కోపం ఎప్పుడూ మొదటివాడి మీదే ఎందుకో నాకు అర్థం కాదు. లేదు, అర్థమవుతుంది, అందుకే కోపం.

ఇక వంశావళి. వేలం పుస్తకంలో బొమ్మ కింద ఒక జాబితా ఉంటుంది. ఫలానా వలస అధికారి, అతని నుంచి ఫలానా గ్యాలరీ, అక్కడి నుంచి ఫలానా కోటీశ్వరురాలు. కొన్నవారి పేర్లన్నీ ఉంటాయి, చెక్కినవాడి పేరు ఉండదు. అతనికి పేరు లేక కాదు, కొన్నప్పుడు ఎవరూ రాసుకోలేదు. పైగా ‘అజ్ఞాత శిల్పి’ అంటే ధర పెరుగుతుంది. నైజీరియాలో ఒలోవే లాంటి యొరుబా శిల్పుల పేర్లు నిలిచాయి గాని, అలాంటివారు కొద్దిమందే. మన ఉండేలు చెక్కిన కుర్రాడి పేరు ఇంకెవరు రాస్తారు?

సమయం దాటిపోతోంది, మిగిలినవి త్వరగా చెప్పేస్తాను.

పరీక్షలతో తేలదా అంటారు. కార్బన్ పరీక్ష చెట్టు వయసు చెబుతుంది, ఉలి వయసు చెప్పదు. పాత దూలం కోసి నిన్న చెక్కినా అది పాతదే. కాల్చిన మట్టి బొమ్మకు వేరే పరీక్ష ఉంది, మట్టి ఎప్పుడు కాలిందో చెబుతుంది. అది తెలిసి నైజీరియాలోని ప్రాచీన నోక్ సంస్కృతి మట్టి బొమ్మలను నిజమైన పాత ముక్కలు అతికించి తయారు చేశారు. ముక్క పాతది, బొమ్మ కొత్తది.

పూసలు. ‘ఆఫ్రికా పూసలు’ అని సేకర్తలు కొన్న రంగురంగుల గాజుపూసల్లో చాలావాటిని వెనిస్‌లో చేశారు. యూరప్ నుంచి ఆఫ్రికాకు సరుకుగా వెళ్లి, ఆఫ్రికా కళగా వెనక్కి వచ్చాయి. దీని మీద విడిగా వీడియో చేయాలి.

చివరిది. 2021లో ఫ్రాన్స్‌లో ఒక వృద్ధ జంట ఇల్లు ఖాళీ చేస్తూ ఒక ఫాంగ్ మాస్కును పాత సామాన్ల వ్యాపారికి 150 యూరోలకు ఇచ్చేసింది. 2022 మార్చిలో మోంపెల్లియే వేలంలో దాని పాట 42 లక్షల యూరోలకు వెళ్లింది. చెక్క అదే, గాటు అదే. మధ్యలో చేరింది ఏమిటంటే అది ఏ రకం మాస్కో తెలియడం, ఏ వలస పాలకుడు 1917 ప్రాంతంలో గాబన్ నుంచి తెచ్చాడో పుస్తకంలోకి ఎక్కడం. జంట కోర్టుకు వెళ్లింది, 2023 డిసెంబరులో ఓడిపోయింది. మాస్కును తమకు తిరిగి ఇవ్వాలన్న గాబన్ ప్రభుత్వ వాదన కూడా అక్కడే వీగిపోయింది. దాన్ని చెక్కినవారి ఊరు ఏదో ఆ పత్రాల్లో ఎవరికీ అవసరం పడలేదు.

[మళ్లీ చేతిలో మాస్కు]

ఇక ఇది. వెనక్కి తిప్పి వేలితో రుద్దాను. నల్లగా అంటింది, బూటు పాలిష్ వాసన. కానీ ఈ కనురెప్పలు చూడండి, ఎంత సన్నగా తీశాడో. మిత్రుడికి ఫోను చేసి, ‘చాలా బాగుంది’ అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, ‘అంటే డూప్లికేటా?’ అన్నాడు.