ఫీజు కట్టేశాం, మరి బడికెందుకు రాలేదు?

(తెర మీద: గుమ్మం పక్కన ఒక జత నల్ల బూట్లు. ఒకదాని అడుగు ఊడి వేలాడుతోంది.)

నమస్కారం. ఈ బూట్లు ఒకసారి చూడండి. ఇక్కడి నుంచి బడికి పది నిమిషాల నడక. ఈ పాప ఫీజు ఎవరో దాత ఎప్పుడో కట్టేశారు. అయినా మూడు రోజులుగా బడికి వెళ్లలేదు. ఇలాంటి బూట్లతో వెళ్తే అందరి ముందూ నిలబెడతారేమోనని భయం.

పేద పిల్లల చదువుకి సాయం అనగానే మనకి ముందు ఫీజే గుర్తొస్తుంది. నగరంలోని బస్తీలో ఫీజు ఒక్కటే కడితే సరిపోదు.

(తెర మీద: పాత నలుపు తెలుపు ఫొటోల వరుస)

ఒక దాత ఒక బిడ్డ ఖర్చు భరించే ఈ పద్ధతి పాతదే. 1937లో, స్పెయిన్ అంతర్యుద్ధ సమయంలో, జాన్ లాంగ్డన్ డేవీస్ అనే బ్రిటిష్ పాత్రికేయుడు అక్కడి పిల్లల కోసం ఇలాంటి ఏర్పాటు మొదలుపెట్టారు. అదే ఇప్పటి ప్లాన్ ఇంటర్నేషనల్ అనే సంస్థ.

ఇంతకీ దీనివల్ల ఫలితం ఉందా? ఉంది. ఇదే పద్ధతిలో నడిచే కంపాషన్ ఇంటర్నేషనల్ అనే సంస్థ సాయంతో చదివిన పిల్లల మీద ఆరు దేశాల్లో జరిగిన పరిశోధన 2013లో అచ్చయింది. సాయం అందిన పిల్లలు సగటున ఏడాదికి పైనే ఎక్కువ చదివారు. హైస్కూల్ పూర్తిచేసేవాళ్లు మామూలుగా 44.5 శాతం ఉంటే, సాయం అందినవాళ్లలో దాని మీద మరో 12 నుంచి 18 శాతం పాయింట్లు పెరిగారు. అయితే ఆ పిల్లలకి అందింది ఫీజు ఒక్కటే కాదు. యూనిఫాం, భోజనం, వైద్యం, బడి అయ్యాక దగ్గర కూర్చోబెట్టి చదివించే మనిషి, అన్నీ కలిసి ఏళ్ల తరబడి అందాయి.

(తెర మీద: చంకలో తమ్ముణ్ణి ఎత్తుకున్న పదేళ్ల అమ్మాయి)

అమ్మ తెల్లవారకముందే పనికి వెళ్తుంది. చంటివాణ్ణి ఎవరు చూస్తారు? అక్కే. అలాంటి ఇంట్లో తమ్ముణ్ణి చూసుకునే శిశు సంరక్షణ కేంద్రానికి ఇచ్చిన డబ్బు కూడా అక్క చదువుకి ఇచ్చినట్టే. ఈ సంగతి దాతలకి చెప్పేవాళ్లు తక్కువ, అందుకే గట్టిగా చెప్తున్నాను.

ఇంకోటి అద్దె. అద్దె పెంచారంటే రాత్రికి రాత్రి గది మారతారు. కొత్త చోట బడిలో చేరాలంటే పాత బడి కాగితాలు అడుగుతారు, పైగా అప్పటికి విద్యా సంవత్సరం మధ్యలో ఉంటుంది. ఇక్కడే చాలామంది పిల్లలు జారిపోతారు. ఇల్లు మారిన పిల్లల వెంట వెళ్లి, మళ్లీ చేర్పించే కార్యకర్త ఉన్నారా లేదా అన్నది ముందు కనుక్కోండి.

డబ్బిచ్చే ముందు సంస్థని ఇంకో మాట కూడా అడగండి: "నేను మధ్యలో ఆపేస్తే ఈ పాప సంగతేంటి?" సూటిగా జవాబు చెప్పలేకపోతే కాస్త ఆగండి. నా మటుకు నాకు, ఒక్క బిడ్డ పేరు మీద కాకుండా బస్తీ పిల్లలందరికీ ఉమ్మడిగా ఇవ్వడమే నచ్చుతుంది. ఒకే ఇంట్లో అక్కకి సాయం వచ్చి చెల్లికి రాకపోతే ఆ చెల్లి మొహం చూడలేం. పిల్లల ఫొటో, ఇంటి అడ్రసు అందరికీ కనిపించేలా పెట్టే సంస్థ అయితే నేను అసలు ఇవ్వను.

(తెర మీద: అదే గుమ్మం. కొత్త బూట్లు. ముందు భాగంలో పాత గుడ్డముక్క కుక్కి ఉంది.)

ఈ కొత్త బూట్లు ఒక సైజు పెద్దవి. వచ్చే ఏడాది కూడా సరిపోవాలని అమ్మే అలా కొనిపించింది.